మాటకు ఏడు మార్కులేనా?

"ఏం చెబుతున్నావన్నది కాదు, ఎలా చెబుతున్నావన్నదే ముఖ్యం." ఈ మాట చెవిన పడకుండా చదువు ముగించే తెలుగు విద్యార్థి ఇవాళ అరుదు. ఇంజనీరింగ్ కాలేజీ ఆడిటోరియంలో, అమీర్‌పేట కోచింగ్ గదుల్లో, ఉపాధ్యాయుల శిక్షణ తరగతుల్లో, చివరికి పార్టీ కార్యకర్తల శిబిరాల్లో కూడా ‘ఉపన్యాస కళ’ అనగానే తెర మీద ఒక గుండ్రటి బొమ్మ పడుతుంది. అందులో మూడు ముక్కలు. ముఖానికీ ఒంటి కదలికలకూ 55 శాతం, గొంతుకు 38 శాతం, మాటలకు 7 శాతం. సభ మీద మీ ప్రభావంలో మాటల వాటా నూటికి ఏడేనని శిక్షకుడు ప్రకటిస్తాడు. పిల్లలు బుద్ధిగా రాసుకుంటారు. ఆ తర్వాత రెండు రోజులూ చేతులు ఎక్కడ పెట్టాలి, చూపు ఎటు తిప్పాలి, వేదిక మీద ఎన్ని అడుగులు వేయాలి, ఎక్కడ గొంతు పెంచాలి అన్నదే పాఠం. ఏం చెప్పాలి, చెప్పేది నిజమేనా, దాన్ని ఏ వరసలో పేర్చాలి అన్నవాటికి చివర్లో ఓ అరగంట దొరికితే గొప్ప.

ఈ వాదంలోని బలాన్ని దాచిపెట్టి దాన్ని కొట్టేయడం న్యాయం కాదు. వాళ్లు చెప్పేది ఇదీ. కాగితంలో తల దూర్చి గొణిగేవాడి దగ్గర ఎంత గొప్ప విషయం ఉన్నా అది మూడో వరస దాటదు. మామూలు విషయాన్ని రక్తి కట్టించినవాడికి సభ వశమవుతుంది. వక్తృత్వంలో మొదటిదేదని అడిగితే డెమోస్తనీస్ ‘చెప్పే తీరు’ అన్నాడనీ, రెండోదీ మూడోదీ కూడా అదేనన్నాడనీ ప్రాచీనులు రాసిపెట్టారు. మన కళ్ల ముందు ఎన్టీఆర్ ఉన్నారు. వీటన్నిటికీ పైన 7-38-55 అనే శాస్త్రీయమైన లెక్క ఉంది. ఇంక కాదనేదేముంది?

కాదనడానికి చాలా ఉంది. వినపడని ఉపన్యాసం ఉపన్యాసం కాదని నేనూ ఒప్పుకుంటాను. మైకుకు నోరు ఎంత దూరంలో ఉండాలో, ఊపిరి ఎక్కడ తీసుకోవాలో, వాక్యంలో చివరి మాట మింగేయకుండా ఎలా పలకాలో నేర్పేవాళ్లు మంచి పని చేస్తున్నారు. నేను తప్పుపడుతున్నది దాన్ని కాదు. వినిపించడానికి పనికొచ్చే ఉపాయాలను తెచ్చి, ఒప్పించడానికి అవే మూలమనడాన్ని. విషయం వెనక నడవాల్సిన తీరును విషయం నెత్తిన కూర్చోబెట్టడాన్ని.

దీనివల్ల ఏం జరుగుతుందో ఒకసారి దగ్గరగా చూశాను. ఉత్తరాంధ్రలో ఒక ఊళ్లో ఆగస్టు 29న, తెలుగు భాషా దినోత్సవం పేరుతో హైస్కూలు పిల్లలకు వక్తృత్వ పోటీ పెట్టారు. అంశం నీటి సంరక్షణ. ముగ్గురు న్యాయనిర్ణేతల్లో నేనొకణ్ని. మా చేతికిచ్చిన పట్టికలో అయిదు గళ్లున్నాయి, ఒక్కోదానికి పది మార్కులు: విషయం, ఉచ్చారణ, హావభావాలు, ఆత్మవిశ్వాసం, ఆకట్టుకునే తీరు. అయిదింట నాలుగు తీరువి, ఒక్కటి విషయానిది.

ఒక అబ్బాయి వచ్చాడు. నీరే ప్రాణమన్నాడు, నీరు లేనిదే నాగరికత లేదన్నాడు, చూపుడు వేలు ఆకాశానికెత్తి చివరి వాక్యాన్ని హాలు దద్దరిల్లేలా పలికాడు. ఎవరో పెద్దవాళ్లు రాసిచ్చింది, అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పాడు. చప్పట్లు మోగాయి. తర్వాత తొమ్మిదో తరగతి పాప ఒకతె వచ్చింది. చేతులు కట్టుకుని నిలబడింది. "మా ఊరి సెరువు గట్టు తెగిపోనాది" అని మొదలుపెట్టింది. గట్టు ఏ మూల తెగిందో, తూము దగ్గర రాయి కదిలి నాలుగేళ్లయినా ఎందుకు సరిచేయలేదో, చెరువులోకి నీళ్లు తెచ్చే వాగు మీద ఎవరి పొలం ఎంత ముందుకు జరిగిందో చెప్పింది. చెరువు నిండకపోతే మొదట ఎండేది చివరి మడులనీ, ఆ చివరి మడి తమదేననీ చెప్పింది. వాన వచ్చేలోగా బేగి తూము బాగుచేస్తే చాలు, కొత్త చెరువు అక్కర్లేదంది. నాలుగు నిమిషాల్లో ముగించి, దండం పెట్టి దిగిపోయింది. ఆమె మాట్లాడుతున్నంతసేపూ వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ ఇద్దరు రైతులు కదల్లేదు.

నా పక్కన కూర్చున్న ఆయన పట్టిక చూసుకుంటూ, "విషయం బాగానే ఉంది మాస్టారూ, ప్రెజెంటేషనే లేదు. ఉచ్చారణ కూడా..." అన్నారు. పట్టిక ప్రకారం ఆయన లెక్క సరైనదే. విషయానికి పదికి పది వేసినా ఆ పాప ముందుకు రాలేదు. మొదటి బహుమతి అబ్బాయికి వెళ్లింది. నేనూ సంతకం పెట్టాను. ఆ సంతకం తప్పని ఇంటికెళ్లే బస్సులోనే తెలిసింది. ఆ పట్టిక వెనక ఏముందో వెతకడం ఆ తర్వాతే మొదలుపెట్టాను.

1. లెక్కే తప్పు

7-38-55 లెక్క అమెరికాలో లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పనిచేసిన మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ మెహ్రాబియన్‌ది. 1967లో ఆయన, ఆయన సహచరులు చేసిన రెండు చిన్న ప్రయోగాల్లోంచి అది పుట్టింది. ఆ ప్రయోగాల్లో ఉపన్యాసం లేదు. సభ లేదు. పూర్తి వాక్యం కూడా లేదు. ఒకదానిలో ‘డియర్’, ‘మేబీ’, ‘టెరిబుల్’ వంటి విడి మాటల్ని రకరకాల స్వరాల్లో పలికించి వినిపించారు. ఇంకోదానిలో ‘మేబీ’ అన్న ఒక్క మాటను మూడు స్వరాల్లో వినిపిస్తూ, దాంతోపాటు ముఖాల ఫొటోలు చూపించారు. ఆ మాటన్న మనిషికి ఎదుటివారంటే ఇష్టమా, అయిష్టమా, రెండూ కాదా చెప్పమన్నారు. అంతే. మాట, గొంతు, ముఖం మూడింటినీ కలిపి ఒకే ప్రయోగంలో తూచింది కూడా లేదు. ఈ ప్రయోగంలో ఒక అంకె, ఆ ప్రయోగంలో ఒక అంకె తీసి కలిపితే వచ్చింది ఆ సూత్రం.

మన ‘సరే’ తీసుకోండి. ఇంట్లో ఒకరు ‘సరే’ అంటే అది ఒప్పుకోలా, అలకా, విసుగా, ‘నీ ఇష్టం, తర్వాత చూసుకుందాం’ అనే బెదిరింపా, గొంతును బట్టీ ముఖాన్ని బట్టీ తెలుస్తుంది. మెహ్రాబియన్ కొలిచింది ఈ సంగతినే. మాటకూ ముఖానికీ పొంతన కుదరనప్పుడు మనసులోని ఇష్టాయిష్టాలను మనం దేన్ని బట్టి పసిగడతాం అన్నదే ఆయన ప్రశ్న. దానికది మంచి ప్రశ్నే. ఒక్క ‘సరే’ను పట్టుకుని, చెరువు తూము గురించి నాలుగు నిమిషాలు మాట్లాడిన పిల్ల మాటలకు ఏడు శాతం విలువ కట్టడానికి మాత్రం అందులో ఏ ఆధారమూ లేదు. ఇష్టాయిష్టాల ప్రసక్తి లేని సంభాషణకు తన సూత్రాలు వర్తించవని మెహ్రాబియనే స్పష్టం చేశారు. లెక్క కట్టిన మనిషే ఇక్కడ వాడొద్దన్నాక, దాన్ని తెర మీద వేసి డబ్బు తీసుకునేవాళ్లు ఏ ధైర్యంతో వేస్తున్నారో వాళ్లే చెప్పాలి.

మూల పరిశోధన చదవకపోయినా, ఇంగితంతో చూసినా ఆ లెక్క నిలవదు. నిజంగా 93 శాతం ముఖంలోనూ గొంతులోనూ ఉంటే, తమిళం ఒక్క ముక్క రాని తెలుగువాడు చెన్నై సభలో కూర్చుని ఉపన్యాసంలో నూటికి తొంభై మూడు వంతులు పట్టుకుని రావాలి. ఎవరైనా వెళ్లి ప్రయత్నించవచ్చు. వక్తకు కోపం వచ్చిందని తెలుస్తుంది, ఎవరి మీదో తెలియదు. ఎందుకో తెలియదు. ఆ కోపం న్యాయమో కాదో అసలే తెలియదు. శిక్షకులు ఏడు శాతమని పక్కకు నెట్టిన చోటే ఈ మూడూ ఉన్నాయి.

2. కాకినాడలో ఎవరి గొంతు పనిచేసింది?

భాష తెలియని సభ అన్నాను కాబట్టి మన చరిత్రలోంచే ఒకటి చెబుతాను. 1921లో గాంధీ ఆంధ్ర పర్యటనకు వచ్చారు. ఆయనకు తెలుగు రాదు. ఆయన మాటల్ని కొండా వెంకటప్పయ్య తెలుగులో చెప్పేవారు. కాకినాడలో ఒక చిన్న పిల్ల, దేవదాసీలూ బురఖాల్లో ఉండే ముస్లిం స్త్రీలూ గాంధీ మాట వినాలని పట్టుబట్టి, అందుకు స్థానిక పెద్దలు అడిగిన అయిదు వేల రూపాయల నిధీ పోగుచేసి, విడిగా సభ ఏర్పాటు చేయించింది. ఆ సభలో గాంధీ హిందీ మాటల్ని తెలుగులో చెప్పింది ఆ పిల్లే. అప్పటికి ఆమెకు పన్నెండేళ్లు నిండలేదు. పేరు దుర్గాబాయి. తర్వాతి కాలంలో రాజ్యాంగ సభ సభ్యురాలు, దుర్గాబాయి దేశ్‌ముఖ్. ఆ సభలో స్త్రీలు ఒంటి మీది నగలు తీసి ఇచ్చారు.

శిక్షకుల లెక్కతో దీన్ని వివరించమనండి. గాంధీ గొంతు గంభీరమైనది కాదు, ఆయన చేతులు ఊపే మనిషీ కాదు. కుర్రతనంలో లండన్ శాకాహారుల సంఘంలో రాసుకున్న కాగితం చదవడానికి కూడా నోరు పెగల్లేదనీ, బొంబాయి కోర్టులో మొదటి కేసులో తల తిరిగి కూర్చుండిపోయాననీ ఆయనే ఆత్మకథలో రాసుకున్నారు. కాకినాడ స్త్రీలకు చేరినవి ఒక పిల్ల గొంతులో మారి వచ్చిన మాటలు. గాంధీ స్వరంలోని ఎత్తుపల్లాలు ఆ మార్పులో ఎక్కడో జారిపోయి ఉంటాయి. అర్థం జారిపోలేదు.

దీనికి వాళ్ల దగ్గర ఒక జవాబుంది, అది బలమైనదే. గాంధీ రూపమే ఆయన ఉపన్యాసం, ఆ కొల్లాయి గుడ్డకు మించిన బాడీ లాంగ్వేజ్ ఏముంది అంటారు. ఆయన కొల్లాయి కట్టింది అదే ఏడాది సెప్టెంబరులో, మదురైలో. కాకినాడ సభ నాటికి అది లేదు. ఉందనే అనుకుందాం. ఆ కొల్లాయి రెండు రోజుల వర్క్‌షాపులో నేర్చుకున్న భంగిమ కాదు కదా. అది ఆయన తీసుకున్న నిర్ణయం, బతికిన బతుకు. వక్త జీవితానికీ మాటకూ పొంతన కుదిరితే జనం నమ్ముతారనేది వేరే వాదం. దానితో నాకు పేచీ లేదు. శిక్షకులు అమ్ముతున్నది ఆ సరుకు కాదు.

జాతీయ నాయకులు హైదరాబాద్‌కో విజయవాడకో వచ్చినప్పుడు జరిగే బహిరంగ సభ గమనించండి. నాయకుడు హిందీలో ఉరిమినంతసేపూ మైదానంలో చాలామంది పక్కవాళ్లతో మాట్లాడుకుంటుంటారు. అనువాదకుడు మైకు అందుకోగానే తలలు అటు తిరుగుతాయి. జనానికి కావలసింది మాట. అది అందేదాకా ఉరుము శబ్దమే.

3. అదే ఎన్టీఆర్, అదే గొంతు

తెలుగునాట ఈ వాదం చివరికి వచ్చి ఆగేది ఎన్టీఆర్ దగ్గరే. ఆ వాచకం, ఆ కంచుకంఠం, ఆ చెయ్యెత్తే తీరు చూసే జనం ఓట్లేశారంటారు. 1982 మార్చి 29న పార్టీ పెట్టి, చైతన్యరథం ఎక్కి, తొమ్మిది నెలల్లో అధికారంలోకి రావడానికి ఆ గొంతే కారణమంటారు.

ఆ గొంతు సామాన్యమైనది కాదు, నిజమే. కానీ ఆ గొంతు ఏం చెప్పింది? 1978 ఎన్నికలకూ 1983 ఎన్నికలకూ మధ్య రాష్ట్రంలో నలుగురు ముఖ్యమంత్రులు మారారు. చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రామ్, కోట్ల విజయభాస్కరరెడ్డి. నలుగురి రాకా పోకా ఢిల్లీలో తేలింది. బేగంపేట విమానాశ్రయంలో ముఖ్యమంత్రి అంజయ్యకు జరిగిన అవమానం ఊరూరా చర్చ అయింది. ఆ గాయం మీద ‘తెలుగువాడి ఆత్మగౌరవం’ అన్న రెండు మాటలు వచ్చి పడ్డాయి. పక్కనే కిలో రెండు రూపాయల బియ్యం హామీ. ఒకటి మనసుకు తగిలింది, ఒకటి కంచంలోకి వచ్చింది. ఈ రెండూ విషయం. ఆ గొంతు వాటిని శ్రీకాకుళం నుంచి అనంతపురం దాకా, ఆదిలాబాద్ దాకా మోసుకెళ్లింది.

గొంతే కారణమైతే 1989ని ఎలా వివరిస్తారు? అదే మనిషి, అదే కంఠం, అదే చైతన్యరథం. పార్టీ ఓడింది. కల్వకుర్తిలో ఆయనా ఓడిపోయారు. మధ్యలో ఆయన వాచకం చెడిపోలేదు. జనం అడిగే ప్రశ్నలు మారాయి, వాటికి ఆయన దగ్గర 1983 నాటంత సూటి జవాబు లేకపోయింది. తీరులో పిసరు తేడా లేదు, ఫలితం తలకిందులైంది. ఫలితాన్ని మార్చిన కారణాన్ని మారని చోట వెతకడం ఏం తర్కం?

ఇక మన పార్లమెంటు చరిత్రలో రెండో చివర చూడండి. 1991 జూలై 24న మన్మోహన్ సింగ్ లోక్‌సభలో బడ్జెట్ చదివారు. తలవంచి, కాగితం చూస్తూ, వెనక బెంచీలకు వినపడీ వినపడని గొంతుతో. ఆయన్ని ఎంచుకున్న ప్రధాని పి.వి. నరసింహారావు కూడా సభను ఊపేసే రకం కాదు. 17 భాషలు తెలిసిన మనిషని పేరు, మౌనానికీ అంతే పేరు. ఏ శిక్షణ తరగతిలోనైనా ఇద్దరూ ఫెయిల్. ఆ రోజు చెప్పిన విషయాన్ని సమర్థించేవాళ్లూ తిట్టేవాళ్లూ ఈనాటికీ వాదించుకుంటున్నారు. ఆ వాదన ఆయన చేతులు ఎక్కడ పెట్టారన్నదాని మీద జరగడం లేదు.

4. డాక్టర్ ఫాక్స్ నేర్పిన పాఠం

1970లో అమెరికాలో ఒక ప్రయోగం జరిగింది. మైకేల్ ఫాక్స్ అనే నటుణ్ని ‘డాక్టర్ మైరన్ ఎల్. ఫాక్స్’ అని పరిచయం చేసి, మానసిక వైద్యులూ వైద్య విద్యా బోధకులూ కూర్చున్న సభలో ఉపన్యాసమిప్పించారు. అంశం: వైద్య విద్యలో గణిత క్రీడా సిద్ధాంతం. ఆయనకు ఆ విషయం ఏమీ తెలియదు. ఒకదానికొకటి పొసగని వాక్యాలు, అర్థం లేని కొత్త మాటలు, డొంకతిరుగుడు సమాధానాలు కావాలనే నేర్పించారు. వాటిని హాస్యంతో, చనువుతో, నిండు ఆత్మవిశ్వాసంతో చెప్పమన్నారు. ఆ ఉపన్యాసాన్ని ప్రత్యక్షంగానో వీడియోలోనో చూసిన మూడు బృందాల్లో మొత్తం 55 మంది. ఎక్కువమంది బాగుందన్నారు. ఆలోచన రేకెత్తించిందన్నారు. మోసాన్ని ఎవరూ కనిపెట్టలేదు. 1973లో దీన్ని వైద్య విద్య పత్రికలో ప్రచురించారు.

తీరు చాలు, విషయం అక్కర్లేదనడానికి దీన్ని సాక్ష్యంగా చూపేవాళ్లున్నారు. నాకు ఇందులో కనిపించేది ప్రమాద హెచ్చరిక. తాళం ఎంత తేలిగ్గా ఊడుతుందో చూపించిన ప్రయోగాన్ని తీసుకుని, ఇదిగో ఇల్లు ఇలా తెరవాలి అని పిల్లలకు నేర్పుతామా?

2013లో షానా కార్పెంటర్, ఆమె సహచరులు ప్రచురించిన పరిశోధన దీన్ని ఇంకా సూటిగా తేల్చింది. మూడు రంగుల మచ్చలుండే కాలికో పిల్లులు దాదాపు ఎప్పుడూ ఆడవే ఎందుకవుతాయన్నది పాఠం. ఒకే పాఠం, ఒకే మాటలు, రెండు వీడియోలు. ఒకదాంట్లో బోధకురాలు నిటారుగా నిలబడి, కళ్లలోకి చూస్తూ, ధారాళంగా చెప్పింది. ఇంకోదాంట్లో కాగితం మీదికి వంగి, తడబడుతూ చదివింది. మొదటి వీడియో చూసిన విద్యార్థులు తమకు చాలా గుర్తుంటుందన్నారు. పరీక్ష పెడితే రెండు వర్గాలకూ మార్కుల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ధారాళమైన తీరు పెంచింది ‘నాకు తెలిసింది’ అనే నమ్మకాన్ని. తెలివిడిని కాదు. విన్నవాడు ఏమీ పట్టుకెళ్లకపోయినా అన్నీ పట్టుకెళ్తున్నానని సంతోషంగా లేచి వెళ్లే సభను మంచి సభ అనగలమా?

డెమోస్తనీస్ పేరెత్తేవాళ్లు మిగతా సగం చెప్పరు. నోట్లో గులకరాళ్లు పెట్టుకుని సాధన చేశాడని చెబుతారు. సిద్ధం కాకుండా సభలో నోరు విప్పడానికి ఇష్టపడేవాడు కాదనీ, అతని వాదనలు దీపపు వత్తి వాసన వేస్తాయని ప్రత్యర్థి వెక్కిరించాడనీ ప్రాచీన జీవితచరిత్రకారుడు ప్లూటార్క్ రాశాడు. రాత్రి దీపం కింద కూర్చుని రాసి, కొట్టేసి, మళ్లీ రాసిన మనిషికి చివరికి మిగిలింది చెప్పే తీరే. అందుకే ఆయన అలా అనగలిగాడు. దీపమే వెలిగించని పిల్లలకు ఆ మాట చెప్పడం వాళ్లను తప్పుదారి పట్టించడం.

5. చేతుల మీద ధ్యాస పెడితే

వేదిక ఎక్కితే కాళ్లు వణుకుతాయి. నిజమైన బాధ. దీనికి శిక్షకుల మందు ‘పవర్ పోజ్’: వేదిక ఎక్కేముందు రెండు నిమిషాలు నడుం మీద చేతులు పెట్టుకుని, ఛాతీ విరుచుకుని నిలబడితే ఒంట్లో హార్మోన్లు మారి ధైర్యం వస్తుందని. 2010లో 42 మందితో చేసిన ప్రయోగం దీనికి మూలం. 2015లో 200 మందితో మళ్లీ చేస్తే హార్మోన్లూ మారలేదు, సాహసమూ పెరగలేదు. మొదటి పరిశోధన రచయితల్లో మొదటి పేరున్న డానా కార్నీయే 2016లో ఆ ప్రభావాలు నిజమని తాను నమ్మడం లేదని బహిరంగంగా ప్రకటించారు. మన శిక్షణ తరగతుల్లో మాత్రం పిల్లలు ఇంకా నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడుతూనే ఉన్నారు.

వణుకు ఎక్కడి నుంచి వస్తుంది? చాలావరకు ‘వీళ్లంతా నన్ను చూస్తున్నారు’ అన్న ఆలోచనలోంచి. దానికి మందుగా నీ చేతులు చూసుకో, నీ భుజాలు చూసుకో, నీ ముఖం చూసుకో అని చెప్పడం రోగానికే ఎరువు వేయడం. మాట్లాడుతూ తన చేతులను తానే కాపలా కాసే మనిషికి తర్వాతి వాక్యం ఎలా తడుతుంది?

ఎవరినైనా దారి అడగండి. "ఇలా తిన్నగా వెళ్లి, రావిచెట్టు దగ్గర ఎడమకు తిరిగి, కాలవ దాటగానే" అంటున్నప్పుడు వాళ్ల చెయ్యి దానంతటదే తిరుగుతుంది. రావిచెట్టు దగ్గర క్షణం ఆగుతుంది, కాలవ దగ్గర దాటుతుంది. ఎవరూ నేర్పలేదు. దారి తెలుసు కాబట్టి చెయ్యి కదిలింది. తెలియనివాడి చెయ్యి గాల్లో తచ్చాడుతుంది. మన పోటీల్లో పిల్లలు ప్రతి వాక్యానికీ ఒకేలా చెయ్యి ఎత్తి దించడం చూస్తే, వాళ్లకు దారి చెప్పకుండా చెయ్యి తిప్పడం మాత్రమే నేర్పామని అర్థమవుతుంది.

అభినయానికే శాస్త్రం రాసిన భరతుడు కూడా వాచికం మీద శ్రద్ధ పెట్టమన్నాడు, నాట్యానికి శరీరం వాక్కే అన్నాడు. కళ్లు, కనుబొమలు, వేళ్లు ఒక్కోటీ ఎలా కదలాలో లెక్కకట్టి చెప్పినవాడి అభిప్రాయమిది. నాటకానికే మాట శరీరమైతే, ఉపన్యాసానికి ఏడు శాతం ఎలా అవుతుంది?

6. నష్టపోతున్నది ఎవరు?

ఇప్పటిదాకా చెప్పినవి తర్కంలో లోపాలు. దీన్ని ఖండించక తప్పదని నాకు అనిపించిన కారణం ఇది.

తీరుకు మార్కులు వేయడమంటే, తీరు ఎవరింట్లో దొరుకుతుందో వాళ్లకు మార్కులు వేయడం. ఇంట్లో అద్దం ముందు నిలబెట్టి సాధన చేయించే తల్లిదండ్రులున్న పిల్లలకు, ఫీజు కట్టి శిక్షణ ఇప్పించుకునే పిల్లలకు, పుస్తక భాషకు దగ్గరగా మాట్లాడే ఇళ్ల పిల్లలకు. ‘ఉచ్చారణ’ అనే గడిలో మేం ఆ రోజు నిజానికి దేన్ని కొలిచాం? ఆ పాప ‘చెరువు’ను ‘సెరువు’ అంది, ‘పోయింది’ని ‘పోనాది’ అంది. హాల్లో ఒక్కరికైనా అర్థం కాలేదా? అందరికీ అర్థమైంది. అర్థమయ్యేలా పలకడమే ఉచ్చారణ అయితే ఆమెకు పదికి పది రావాలి. మేం కోత పెట్టింది ఆమె ఊరికి, ఆమె ఇంటికి. అదీ గిడుగు రామమూర్తి పుట్టినరోజున. జనం నోట నలిగే తెలుగే తెలుగని జీవితాంతం పోరాడి, అదే ఉత్తరాంధ్రలో సవరల భాషకు వ్యాకరణం, నిఘంటువు తయారుచేసిన మనిషి పేరున పోటీ పెట్టి, ఆయన సొంత జిల్లా మాటకు మార్కులు తగ్గించాం. తెలంగాణ యాసను సినిమాల్లో దశాబ్దాల పాటు నవ్వులాటకు వాడుకున్నదీ ఈ చూపే. ఆ అవమానం ఎంత లోతుకు దిగిందో తెలంగాణ ఉద్యమ సభలకు వెళ్లినవాళ్లకు తెలుసు.

ఇది బడితో ఆగదు. గ్రామసభలో రేషన్ కార్డు పట్టుకుని లేచే ఆడమనిషి పైట సరిచేసుకుంటూ, నేల చూస్తూ, గొంతు వణుకుతూ మాట్లాడుతుంది. ఎదురుగా కూర్చున్న అధికారికి ఆత్మవిశ్వాసమూ ఉంటుంది, కళ్లలోకి చూసే చూపూ ఉంటుంది, పవర్‌పాయింటూ ఉంటుంది. తీరే ప్రమాణమని నేర్చుకున్న సమాజం ఎవరిని నమ్ముతుంది? ఆమెకు మూడు నెలలుగా బియ్యం రాలేదన్నది ఆమె వంగిన భుజాల వల్ల అబద్ధమైపోతుందా? ఉద్యోగ ఇంటర్వ్యూలో తడబడ్డ కుర్రాడి లెక్క తప్పవుతుందా? టీవీ చర్చలో నెమ్మదిగా మాట్లాడే వ్యవసాయ శాస్త్రవేత్త మీద గట్టిగా అరిచే పార్టీ ప్రతినిధి గెలిచినట్టు మనకు కనిపిస్తున్నదంటే, అలా చూడడం మనకు చిన్నప్పటి నుంచి బహుమతులిచ్చి మరీ నేర్పించారు కాబట్టి.

వక్తలనే కాదు, ఈ వాదం శ్రోతలనూ పాడుచేస్తోంది. నీరే ప్రాణమని హాలు దద్దరిల్లేలా పలికినవాణ్ని "ఏ చెరువు? ఎవరు ఆక్రమించారు? ఏం చేద్దాం?" అని అడిగే అలవాటు పోయింది. అడిగేవాళ్లు లేని చోట డొల్ల మాటకు అడ్డేముంటుంది? మన ఎన్నికల సభలు ఇందుకు రోజువారీ సాక్ష్యం.

కాబట్టి వక్తృత్వ శిక్షణ ఇచ్చేవాళ్లు ఆ గుండ్రటి బొమ్మను తెర మీంచి తీసేయాలి. అది అబద్ధమని తెలిసీ వేస్తే మోసం, తెలియక వేస్తే చదవకుండా పాఠం చెప్పడం. రెండు రోజుల తరగతిలో ఒకటిన్నర రోజు విషయానికివ్వాలి. చెప్పదలచుకున్నది ఒక్క వాక్యంలో రాయించాలి. దానికి ఆధారమేమిటని అడగాలి. కాదనేవాడు ఏమంటాడో వాళ్ల చేతే చెప్పించాలి. విన్నవాణ్ని లేపి ఏం అర్థమైందో చెప్పమనాలి. అప్పుడు మిగిలిన పూట గొంతుకూ ఊపిరికీ మైకుకూ కేటాయించాలి. అంతకు మించి వాటికి అక్కర్లేదు.

పోటీ పెట్టే బడులకు నా పట్టిక ఇదీ, 50 మార్కులకు. సొంతంగా తెలుసుకున్న విషయానికి 20. దాన్ని పేర్చిన వరసకు 10. ఉపన్యాసం అయ్యాక న్యాయనిర్ణేతలు అడిగే రెండు ప్రశ్నలకిచ్చే జవాబుకు 15. చివరి వరసకు వినపడినందుకు 5. హావభావాలకు గడి లేదు, యాసకు కోత లేదు. అప్పజెప్పే పిల్లవాడు మొదటి ప్రశ్నకే ఆగిపోతాడు. తూము దగ్గర రాయి ఎందుకు కదిలిందని అడిగితే ఆ పాప ఇంకో పది నిమిషాలు చెప్పి ఉండేది. మేం అడగలేదు. ఇకమీదట ఈ పట్టికకు ఒప్పుకోని పోటీలో న్యాయనిర్ణేత కుర్చీలో నేను కూర్చోను.